రెండు నగరాల క్లఫ్

ఇంగ్లండ్ మధ్యభాగంలో, తూర్పు మిడ్‌లాండ్స్ అని పిలిచే ప్రాంతంలో, డెర్బీ, నాటింగ్‌హామ్ అనే రెండు పారిశ్రామిక నగరాలు ఒకదానికొకటి సుమారు 24 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. రైల్వే కర్మాగారాలు, రోల్స్‌రాయిస్ విమాన ఇంజన్లు డెర్బీకి పేరు తెస్తే, లేసు పరిశ్రమ, ర్యాలీ సైకిళ్లు నాటింగ్‌హామ్‌కు పేరు తెచ్చాయి. వీటిని కలిపే ఏ-52 రహదారి భాగానికి 2005లో బ్రయన్ క్లఫ్ పేరు పెట్టారు. క్లఫ్ రాజకీయ నాయకుడు కాడు, ఆ ప్రాంతంలో పుట్టినవాడూ కాడు. అతడు డెర్బీ కౌంటీ క్లబ్బుకు 1967 నుంచి 1973 వరకు, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ క్లబ్బుకు 1975 నుంచి 1993 వరకు మేనేజర్‌గా పనిచేసిన ఫుట్‌బాల్ మనిషి. అంతకు ముందు ఒక్కసారి కూడా లీగ్ విజేతలు కాని ఈ రెండు క్లబ్బులకూ ఆ గౌరవాన్ని మొదటిసారి తెచ్చిపెట్టినవాడు అతడే. ఒకరి గెలుపును ఒకరు ఓర్వలేని రెండు అభిమాన వర్గాలు ఒకే మనిషిని తమవాడని చెప్పుకుంటూ వచ్చాయి. అయితే ఆ మాట ఒక నగరంలో నిండు తృప్తితో వినిపిస్తే, రెండో నగరంలో చాలాకాలం పాటు చేజారిన సొత్తును తలచుకునే బాధతో వినిపించింది.

ఈ తేడాకు కారణం తెలియాలంటే బ్రిటన్ ఫుట్‌బాల్‌లో మేనేజర్ అనే ఉద్యోగం ఎలా ఏర్పడిందో కొంత చూడాలి. క్లబ్బులు స్థిరపడుతున్న 19వ శతాబ్దపు చివరి దశకాల్లో జట్టును ఎంపిక చేసే అధికారం సాధారణంగా డైరెక్టర్లదే. డైరెక్టర్లంటే క్లబ్బులో వాటాలు కొని, జీతం లేకుండా, ఊళ్లో పరపతి కోసం దాని బాగోగులు చూసే స్థానిక వ్యాపారులు. ఉత్తరాలు, లెక్కలు, ప్రయాణాల ఏర్పాట్లు చూసుకునే కార్యదర్శి చేతికి కాలక్రమంలో ఆటగాళ్ల వ్యవహారం కూడా వచ్చింది. 1920, 30 దశకాల్లో హడర్స్‌ఫీల్డ్, ఆర్సెనల్ క్లబ్బులను నడిపిన హెర్బర్ట్ చాప్‌మన్ ఆ ఉద్యోగానికి కొత్త స్థాయి తెచ్చాడు: ఎవరిని కొనాలో, ఎవరిని అమ్మాలో, ఎవరిని ఎక్కడ ఆడించాలో ఒక్క మనిషే నిర్ణయించడం అతడి తరువాతే వాడుక అయింది. కానీ ఆ మనిషిని నియమించేదీ తొలగించేదీ మాత్రం డైరెక్టర్ల బోర్డే. గ్యాలరీలో నిలబడే అభిమానికి జట్టు అంటే మేనేజరే, కాగితాల మీద క్లబ్బు అంటే బోర్డే. ఈ రెండు హక్కులకూ మధ్య ఉన్న బిగువు క్లఫ్ జీవితంలో తెగినంత పెద్ద చప్పుడుతో మరెక్కడా తెగలేదని చెప్పవచ్చు.

క్లఫ్ 1935 మార్చి 21న ఈశాన్య ఇంగ్లండ్‌లోని మిడిల్స్‌బరోలో పుట్టాడు. గోల్ కొట్టడమే ప్రధాన బాధ్యతగా ఉండే సెంటర్ ఫార్వర్డ్ స్థానంలో, మిడిల్స్‌బరో, సండర్లాండ్ జట్ల తరఫున 274 లీగ్ ఆటల్లో 251 గోల్స్ చేశాడు. 1962 డిసెంబరు 26న ప్రత్యర్థి గోల్‌కీపర్‌ను ఢీకొన్నప్పుడు అతడి మోకాలి స్నాయువు తెగిపోయింది. ఆటగాడిగా అతడి జీవితం 29 ఏళ్ల వయసుకే ముగిసింది. 1965లో హార్టిల్‌పూల్స్ అనే చిన్న క్లబ్బులో మేనేజర్‌గా చేరినప్పుడు అతడు తనతో పీటర్ టేలర్‌ను తీసుకువెళ్లాడు. మిడిల్స్‌బరోలో గోల్‌కీపర్‌గా ఆడిన టేలర్‌కు ఎవరూ పట్టించుకోని ఆటగాడిలోని సత్తాను పసిగట్టే చూపు ఉంది; ఆ ఆటగాడిని మాటతో, భయంతో, ఆప్యాయతతో తనకు కావలసినట్టు మలిచే శక్తి క్లఫ్‌కు ఉంది. ఈ ఇద్దరి పనినీ ఒకరి ఖాతాలోనే రాయడం తరువాతి కాలపు అలవాటు, అది న్యాయం కాదు.

1967 వేసవిలో వీరిద్దరూ డెర్బీకి వచ్చేటప్పటికి ఆ జట్టు రెండో డివిజన్‌లో, అంటే దేశపు లీగ్ శ్రేణుల్లో పైనుంచి రెండో మెట్టు మీద, 17వ స్థానంలో ఉంది. మొదటి సీజన్ ముగిసేసరికి ఇంకొక స్థానం దిగజారింది. అయినా ఛైర్మన్ సామ్ లాంగ్సన్ కొత్త మేనేజర్‌ను నమ్మాడు. రాయ్ మెక్‌ఫార్లండ్, జాన్ ఓహేర్, ఆలన్ హింటన్, ఆపైన టోటెన్‌హామ్ నుంచి వయసు మీరిన దిగ్గజం డేవ్ మెకై వచ్చి చేరడంతో 1969లో డెర్బీ రెండో డివిజన్ విజేతగా పై మెట్టు ఎక్కింది. 1972లో డెర్బీ తన ఆటలన్నీ ముగించుకుని 58 పాయింట్లతో ఎదురుచూస్తుండగా, మే 8న లీడ్స్ ఓడిపోయి, లివర్‌పూల్ గెలవలేకపోవడంతో, విదేశీ విహారంలో ఉన్న ఆటగాళ్లు, కుటుంబంతో సెలవులో ఉన్న క్లఫ్ దూరంనుంచే తాము దేశ విజేతలమయ్యామని తెలుసుకున్నారు. మరుసటి సీజన్‌లో ఆ జట్టు యూరోపియన్ కప్పు, అంటే వివిధ దేశాల లీగ్ విజేతలు తలపడే పోటీ, సెమీఫైనల్ వరకు వెళ్లి ఇటలీ జట్టు యువెంటస్ చేతిలో ఓడింది. ఇళ్ల వరుసల మధ్య ఇరుకుగా ఇమిడిన బేస్‌బాల్ గ్రౌండ్ అనే మైదానంలో బెన్ఫికా వంటి జట్టు మూడు గోల్స్ తేడాతో ఓడడం చూసిన తరానికి, ఇది ఆరంభం మాత్రమేనన్న నమ్మకం కలగడం సహజం.

ఆ నమ్మకం ఏడాది తిరగకముందే కూలింది. క్లఫ్ టెలివిజన్‌లో, పత్రికల్లో ఎవరినీ లెక్కచేయకుండా మాట్లాడేవాడు. అతడు ఆ పనులు తగ్గించుకోవాలని బోర్డు పట్టుబట్టింది. వెనక్కు తగ్గే స్వభావం క్లఫ్‌కు లేదు, ఒకప్పుడు కొడుకులా చూసుకున్న లాంగ్సన్‌కు ఓర్పు మిగలలేదు. 1973 అక్టోబరులో క్లఫ్, టేలర్ రాజీనామాలు ఇచ్చారు. బోర్డు వాటిని ఆమోదించింది. అభిమానులు వీధుల్లోకి వచ్చి నిరసన ఉద్యమం నడిపారు, మేనేజర్‌ను తిరిగి తీసుకోవాలని ఆటగాళ్లు బోర్డుకు ఉత్తరం రాశారు. ఆ పదవిలోకి వచ్చింది వారికి పరాయివాడు కాదు: క్లఫ్ తెచ్చిన పాత కెప్టెన్, అప్పటికి నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మేనేజర్‌గా ఉన్న డేవ్ మెకై. అతడి నాయకత్వంలో 1975లో డెర్బీ మళ్లీ దేశ విజేత అయింది. ఆ గెలుపు ఎవరిదన్న వాదం డెర్బీలో అప్పుడే మొదలైంది: కట్టినవాడిదా, నిలబెట్టినవాడిదా? మెకైకి దక్కవలసిన కీర్తిలో కొంత క్లఫ్ నీడలో మరుగున పడిందన్నది మాత్రం ఒప్పుకోవలసిన సత్యం.

ఈ మధ్యకాలంలో క్లఫ్ బ్రైటన్‌లో కొన్ని నెలలు, లీడ్స్‌లో 44 రోజులు పనిచేశాడు. లీడ్స్ ఆటతీరు మొరటుదని అంతకు ముందు బహిరంగంగా నిందించినవాడే 1974 వేసవిలో, డాన్ రెవీ జాతీయ జట్టుకు వెళ్లగా ఖాళీ అయిన ఆ కుర్చీలో కూర్చున్నాడు. టేలర్ బ్రైటన్‌లోనే ఉండిపోయాడు. ఆరు లీగ్ ఆటల్లో ఒక్కటే గెలిచిన తరువాత సెప్టెంబరు 12న బోర్డు క్లఫ్‌ను తొలగించింది. లీడ్స్ అభిమానుల విషయంలో ద్వైధీభావానికి తావే లేదు: తమను అవమానించినవాడిని వారు ప్రేమించనూ లేదు, పోగొట్టుకున్నామని బాధపడనూ లేదు. డెర్బీ బాధ వేరు జాతిది. అది ప్రేమ ఉన్నచోటే పుడుతుంది.

1975 జనవరిలో క్లఫ్ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌లో చేరాడు. అప్పుడు ఫారెస్ట్ రెండో డివిజన్‌లో 13వ స్థానంలో ఉన్న సాధారణ జట్టు. డెర్బీ ఆ సీజన్‌లోనే దేశ విజేత అయింది. 1976లో టేలర్ కూడా వచ్చి చేరాక పాత జోడీ మళ్లీ కుదిరింది. 1977 ఫిబ్రవరిలో, తడబడుతున్న డెర్బీ కొత్త బోర్డు ఇద్దరినీ వెనక్కు రమ్మని ఆహ్వానించింది. చర్చలు జరిగాయి, ఆశలు రేగాయి, చివరకు క్లఫ్ రానన్నాడు. డెర్బీ అభిమానుల మనసు రెండుగా చీలడానికి అసలు మూలం ఇక్కడే ఉన్నదని చెప్పాలి. 1973లో క్లఫ్ వెళ్లిపోవడం బోర్డు చేసిన తప్పుగా లెక్కకట్టి, కోపమంతా డైరెక్టర్ల మీద పెట్టుకుని, అతడి మీద ప్రేమను మచ్చ పడకుండా దాచుకోవడం వారికి సాధ్యమైంది. 1977లో మాత్రం తలుపు తెరిచి పిలిస్తే అతడే పొరుగింటిని ఎంచుకున్నాడు.

ఆ తరువాతి నాలుగేళ్లలో ఫారెస్ట్ సాధించింది డెర్బీ కలగన్నదే. 1977లో మొదటి డివిజన్‌కు ఎక్కి, 1978లో అడుగుపెట్టిన మొదటి సీజన్‌లోనే దేశ విజేత అయింది. లీగ్‌లో వరుసగా 42 ఆటలు ఓటమి లేకుండా ఆడింది. 1979లో మ్యూనిక్‌లో స్వీడన్ జట్టు మాల్మోను, 1980లో మాడ్రిడ్‌లో జర్మనీ జట్టు హాంబర్గ్‌ను ఒక్కొక్క గోల్ తేడాతో ఓడించి యూరోపియన్ కప్పును రెండుసార్లు గెలుచుకుంది. ఆ కప్పును రెండుసార్లూ పైకెత్తిన కెప్టెన్ జాన్ మెక్‌గవర్న్ డెర్బీలో క్లఫ్ కింద దేశ విజేతగా నిలిచినవాడే. జాన్ ఓహేర్, ఆర్చీ గెమ్మిల్ కూడా డెర్బీలో క్లఫ్ కింద ఆడి తరువాత ఫారెస్ట్‌కు చేరినవారే. సరిగ్గా ఆ 1980లోనే డెర్బీ రెండో డివిజన్‌కు దిగింది. 1984లో మూడో డివిజన్‌కు పడిపోయి, అప్పుల్లో మునిగి, మూతపడే అంచు దాకా వెళ్లింది.

1982లో టేలర్ డెర్బీ మేనేజర్‌గా తిరిగి వచ్చాడు. 1983 జనవరిలో ఎఫ్.ఎ. కప్పు పోటీలో, అంటే అన్ని డివిజన్ల జట్లూ కలిసి ఆడే నాకౌట్ పోటీలో, అతడి డెర్బీ క్లఫ్ ఫారెస్ట్‌ను 2-0తో ఓడించింది. అందులో ఒక గోల్ గెమ్మిల్‌ది. అదే ఏడాది టేలర్ క్లఫ్‌కు చెప్పకుండా ఫారెస్ట్ ఆటగాడు జాన్ రాబర్ట్‌సన్‌ను డెర్బీకి తీసుకున్నాడు. ఆపైన ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. 1990లో టేలర్ మరణించేనాటికి ఆ మౌనం వీడలేదు. అంత్యక్రియలకు మాత్రం క్లఫ్ వెళ్లాడు.

ఫారెస్ట్ అభిమానుల ప్రేమకు పరీక్ష 1993లో వచ్చింది. ఆ సీజన్‌లో జట్టు ప్రీమియర్ లీగ్ నుంచి, అంటే అప్పుడే కొత్తగా ఏర్పడిన అగ్రశ్రేణి నుంచి, కిందికి దిగిపోయింది. మద్యం క్లఫ్ ఆరోగ్యాన్ని దెబ్బతీసిందని చూసినవారందరికీ తెలుస్తూనే ఉంది. సొంత మైదానంలో అతడి చివరి ఆటలో షెఫీల్డ్ యునైటెడ్ చేతిలో ఓడి, కిందికి దిగడం ఖాయమైన రోజున కూడా ప్రేక్షకులు అతడికి గౌరవంతోనే వీడ్కోలు చెప్పారు. పూర్తిగా పొందినవారికి క్షమించడం సులభం. అర్ధాంతరంగా పోగొట్టుకున్నవారికి అది అంత సులభం కాదు.

ఈ రెండు నగరాల బయట, లివర్‌పూల్‌లో, క్లఫ్ పట్ల ఉన్న కోపం ఆటకు సంబంధించినది కాదు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో లివర్‌పూల్, ఫారెస్ట్ జట్ల సెమీఫైనల్ సమయంలో తొక్కిసలాట జరిగింది. దాని వల్ల 97 మంది లివర్‌పూల్ అభిమానులు ప్రాణాలు కోల్పోయారు. 1994లో వెలువడిన ఆత్మకథలో క్లఫ్ ఆ దారుణానికి లివర్‌పూల్ అభిమానులనే బాధ్యులను చేశాడు. తనకు తప్పుడు సమాచారం అందిందని తరువాతి కాలంలో ఒప్పుకున్నాడు. 2016లో న్యాయవిచారణ జ్యూరీ అభిమానుల తప్పు లేదని తేల్చింది. నోటికి వచ్చింది అనేయడం క్లఫ్ ఆకర్షణలో భాగమని మెచ్చుకునేవారు, ఆ నోరే చనిపోయినవారి కుటుంబాలను గాయపరిచిందని కూడా గుర్తుంచుకోవాలి.

ఫారెస్ట్‌లో పనిచేసిన 18 ఏళ్లూ క్లఫ్ డెర్బీ పరిసరాలను విడిచిపెట్టలేదు. అతడి ఇల్లు, పిల్లల పెంపకం అక్కడే. పనికి వెళ్లేదీ తిరిగి వచ్చేదీ ఇప్పుడు అతడి పేరు మోస్తున్న ఆ దారి మీదే. 1993లో నాటింగ్‌హామ్, 2003లో డెర్బీ తమ నగర గౌరవ పౌరసత్వాన్ని అతడికి ఇచ్చాయి. ఈ రెండు తేదీల మధ్య ఉన్న పదేళ్లు డెర్బీ మనసు మెత్తబడడానికి పట్టిన కాలానికి ఒక కొలత. 2004 సెప్టెంబరు 20న క్లఫ్ డెర్బీలోని ఆసుపత్రిలో మరణించాడు. డెర్బీ కెథడ్రల్‌లో జరపాలనుకున్న సంస్మరణ సభకు వచ్చేవారి సంఖ్యకు ఆ భవనం చాలదని తేలి, దాన్ని డెర్బీ కొత్త మైదానం ప్రైడ్ పార్క్‌కు మార్చారు. రెండు జట్ల అభిమానులూ కలిసి 14 వేల మందికి పైగా అక్కడ కూర్చున్నారు. 2007 నుంచి రెండు జట్లు తలపడినప్పుడు విజేతకు క్లఫ్ పేరిట ఒక ట్రోఫీ ఇవ్వసాగారు. 2009లో క్లఫ్ కుమారుడు, ఒకప్పుడు తండ్రి కింద ఫారెస్ట్‌కు గోల్స్ పండించిన నైజెల్ క్లఫ్, డెర్బీ మేనేజర్ అయ్యాడు, ఫిబ్రవరిలో ఎఫ్.ఎ. కప్పు ఆటలో ఫారెస్ట్‌ను వారి మైదానంలోనే 3-2తో ఓడించాడు.

రెండు నగరాల మనసులోని తేడా వాటి విగ్రహాల్లో నిలిచిపోయింది. అభిమానులు పోగుచేసిన విరాళాలతో 2008లో నాటింగ్‌హామ్ నగర కేంద్రంలో నిలిపిన విగ్రహంలో క్లఫ్ ఒక్కడే ఉన్నాడు. 2010లో డెర్బీ ప్రైడ్ పార్క్ వద్ద నిలిపిన విగ్రహంలో క్లఫ్, టేలర్ పక్కపక్కనే ఉన్నారు. చరిత్ర దృష్టితో చూస్తే డెర్బీ విగ్రహమే సరైనది. పీటర్ టేలర్ పుట్టింది నాటింగ్‌హామ్‌లో. ఆ నగరపు క్లబ్బు తన మైదానంలోని ఒక స్టాండ్‌కు అతడి పేరు పెట్టింది 2015లో, అతడు మరణించిన 25 ఏళ్లకు.