ఇరుళర్

పుదుచ్చేరిలోని మురుంగపాక్కం పేరు సులువుగా విడిపోతుంది: మురుంగై అంటే మునగ, పాక్కం అంటే తీరపు ఊరు. అక్కడి పల్లెల్లో వినబడే ‘ఇరుళర్’ అన్న తెగ పేరు అలా తేలదు. తమిళంలో ఇరుళ్ అంటే చీకటి. మన ‘ఇరులు’ కూడా అదే. ఒంటి రంగును బట్టి అని కొందరు, చీకటి అడవుల్లో బతికారు కనుక అని కొందరు అంటారు. ఏదైనా అది బయటివాళ్ల చూపే. వాళ్ల విద్య ఆ పేరులో ఎక్కడా లేదు. నేల మీద జాడ చూసి పాము ఏ కలుగులో దూరిందో చెప్పేస్తారు. 1978లో చెన్నై దగ్గర వడనెమ్మేలిలో ఏర్పడిన వాళ్ల సహకార సంఘం పాముల్ని మట్టికుండల్లో ఉంచి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తుంది. పాముకాటు మందుకు ఆ విషమే ముడిసరుకు. కెనడా ఉత్తరాది ఆదివాసులు బయటివాళ్లు పెట్టిన ‘ఎస్కిమో’ను వదిలించుకుని, తమ భాషలో ‘మనుషులు’ అని అర్థమిచ్చే ‘ఇనూయిట్’ను నిలబెట్టుకున్నారు. ఇక్కడ మాత్రం 2016లో పుదుచ్చేరి షెడ్యూల్డు తెగల జాబితాకెక్కింది ‘ఇరుళర్’ అన్న పేరే. విల్లి, వేట్టైకారన్ అన్న పేర్లు దాని కిందే చేరాయి.