ఫాలోవర్ల లెక్క: ఒక అపోహ చరిత్ర

సామాజిక మాధ్యమాలలో బ్రాండ్ బలాన్ని ఫాలోవర్ల సంఖ్యతో, అంటే దాని ఖాతాను అనుసరించే ఖాతాల మొత్తంతో, కొలవవచ్చునన్న నమ్మకానికి 2009 ఏప్రిల్‌లో నటుడు ఆష్టన్ కుచర్, సీఎన్ఎన్ వార్తాసంస్థ ట్విటర్‌లో పది లక్షల ఫాలోవర్ల కోసం బహిరంగంగా పోటీపడినప్పుడు విస్తృత ప్రచారం లభించింది. సంఖ్యే పలుకుబడి అన్న భావన బలపడిన కొద్దీ ఫాలోవర్లను డబ్బుకు అమ్మే వ్యాపారం కూడా విస్తరించింది. అయితే అలా అమ్ముడైన ఖాతాలలో అనేకం బాట్లు, అనగా మనుషుల బదులు సాఫ్ట్‌వేర్ నడిపే ఖాతాలు, కావడం వల్ల వాటి నుంచి కొనుగోలుదారులు పుట్టే అవకాశమే లేకపోయింది. 2014 డిసెంబరులో ఇన్‌స్టాగ్రామ్ నకిలీ ఖాతాలను తొలగించగా, 2018 జూలైలో ట్విటర్ తాను స్తంభింపజేసిన ఖాతాలను లెక్కలోంచి తీసివేయగా, ఎందరో ప్రముఖుల సంఖ్యలు రాత్రికి రాత్రే తగ్గిపోయాయి. 2019లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇటువంటి విక్రయంపై తొలిసారిగా చర్య తీసుకుంది.

ప్రతి పోస్టూ ఫాలోవర్లందరికీ చేరుతుందన్నది రెండవ అపోహ. ఫేస్‌బుక్ బాటలో ఇన్‌స్టాగ్రామ్ సైతం 2016లో కాలక్రమాన్ని విడిచి, వినియోగదారు ఆసక్తిని అంచనా వేసి పోస్టులను అమర్చే గణన పద్ధతిని, అనగా అల్గారిథమ్‌ను, అనుసరించడంతో, ఫాలోవర్ల సంఖ్యకూ పోస్టును నిజంగా చూసేవారి సంఖ్యకూ మధ్య ఉన్న అంతరం మరింత స్పష్టమైంది.