నాలుక

నోటి అడుగున ఉండే కండరాల అవయవం. రుచి చూడడం, ముద్దను పళ్ల కిందికి నెట్టడం, మింగడం, మాట్లాడడం దీని పనులు. ఇందులో 8 రకాల కండరాలున్నాయి. నాలుగు నాలుక లోపలే ఉండి దాని ఆకారాన్ని మారుస్తాయి. ‘ట’, ‘ళ’ పలికేటప్పుడు కొన పైకి మడతపడేది వీటివల్లే. మిగతా నాలుగు బయటి నుంచి వచ్చి నాలుకను ముందుకూ వెనక్కూ కదుపుతాయి. ఎముక లేకుండా ఇంత బిగువు ఎలా? కండరం ఘనపరిమాణం మారదు కనుక ఒక దిక్కున బిగిస్తే మరో దిక్కుకు సాగుతుంది. ఏనుగు తొండం పద్ధతీ ఇదే.

పైన గరుకుగా తగిలే బుడిపెలే రుచిమొగ్గలని చాలామంది అనుకుంటారు. కాదు. మొగ్గలు కొన్ని బుడిపెల్లో దాగి ఉంటాయి. అన్నిటికంటే ఎక్కువగా ఉండే సన్నని దారాల్లాంటి బుడిపెల్లో అసలుండవు. ఒక్కో మొగ్గలో 50 నుంచి 100 కణాలు. వాటిలో చాలావరకు సుమారు 10 రోజులకు రాలిపోయి కొత్తవి పుడతాయి. తీపికి కొన, చేదుకు మొదలు అని చూపే పాత పటం తప్పు. రుచిమొగ్గలున్న ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి.

ఉగాది పచ్చడిలోని ఆరు రుచుల్లో తీపి, పులుపు, ఉప్పు, చేదు మాత్రమే ఈ మొగ్గల లెక్కలోకి వస్తాయి. వగరు ఎక్కువగా స్పర్శ. కారమైతే నొప్పి: మిరపలోని క్యాప్సైసిన్, వేడిని గుర్తించే నాడీ గ్రాహకాన్ని తట్టిలేపుతుంది. 1997లో ఆ గ్రాహకాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్ 2021 నోబెల్ బహుమతిని పంచుకున్నారు. క్యాప్సైసిన్ నీళ్లలో దాదాపు కరగదు కాబట్టి చెంబెడు నీళ్లకన్నా గ్లాసు పాలు నయం.