కలివికోడి కోసం ప్రయాణం

పేరు కోడియే గాని, కలివికోడి తీతువుకు దూరపు బంధువు. పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. రొమ్ముపై రెండు గోధుమరంగు పట్టీలుంటాయి. దీనిని 1848లో జెర్డన్ అనే సైనిక వైద్యుడు లోకానికి తెలియజేశాడు. 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించిన తరువాత ఇది మళ్లీ కానరాలేదు. నశించిపోయిందనే పలువురు తలచారు.

వెదకినవారు లేకపోలేదు, కాని వారు పగలు వెదకారు. ఇది రాత్రి తిరిగే పక్షి! ఆ సంగతి తెలిసినది పల్లె ప్రజలకే.

1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లాలో అన్వేషిస్తుండగా, రెడ్డిపల్లె దగ్గర ఒక వేటగాడు రాత్రివేళ దీపపు వెలుగులో ఈ పక్షిని పట్టాడు. వార్త అందగానే 89 ఏళ్ల సలీం ఆలీ బొంబాయి నుండి బయలుదేరాడు. ఆయన చేరేసరికి పక్షి మరణించింది. జీవితమంతా పక్షులకే అర్పించిన ఆ వృద్ధునికి దాని కళేబరమే మిగిలింది.

అయినా జాతి నశించలేదని రుజువైంది. 1988లో లంకమల అడవి అభయారణ్యమైంది. అరుదైన ప్రాణిని చేతికి చిక్కించుకోవడం కంటే, దాని పొదలను దానికే మిగల్చడం మేలని ఈ ఉదంతం బోధిస్తుంది.