అమరావతి స్తూపం: నిలిపిన దాతలు, తరలించిన సేకర్తలు

కృష్ణానది కుడిగట్టున, శాతవాహనుల కాలపు ధాన్యకటకం పక్కన వెలసిన అమరావతి మహాస్తూపానికి క్రీస్తుపూర్వం 3వ శతాబ్ది ప్రాంతంలో అంకురం పడింది. తర్వాత నాలుగైదు వందల ఏళ్లపాటు అది పెరుగుతూనే వచ్చింది. రాతి ప్రాకారం రూపుదిద్దుకున్నాక స్తూపం వ్యాసం సుమారు 50 మీటర్లు. పలకలకు వాడిన సున్నపురాయి పల్నాటిది.

ఈ కట్టడానికి ఎవరు ఖర్చు పెట్టారో రాళ్లే చెబుతాయి. బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో చెక్కిన దాన శాసనాల్లో వర్తకులు, గృహపతులు, పరిమళద్రవ్యాల వ్యాపారులు, భిక్షువులు, భిక్షుణులు కనిపిస్తారు. విధికుడనే చర్మకారుడు తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను సమర్పించాడు. రాజవంశాల చరిత్రలో చోటు దొరకని ఇలాంటి కుటుంబాల పేర్లను పదిలపరచడమే అమరావతి గొప్పతనం. వాళ్ల చేతుల్లో డబ్బు ఆడటానికి ఒక ముఖ్య కారణం నదీ, సముద్ర వర్తకం. కోస్తాంధ్రలో దొరికిన రోమన్ నాణేలు ఆ వర్తకానికి సాక్ష్యం. పల్నాటి సున్నపురాతిలో, అమరావతి శైలిలో మలిచిన శిల్పాలు శ్రీలంకలోనూ బయటపడ్డాయి. ఆ బంధం చాలాకాలం తెగలేదు: ధాన్యకటకంలో ఒక ప్రతిమాగృహాన్ని బాగుచేయించినట్టు సింహళ భిక్షువు ధర్మకీర్తి 1344 నాటి గడలాదెణియ శాసనంలో చెప్పుకున్నాడు.

ఆ తర్వాత స్తూపం మట్టిదిబ్బగా మారింది. జనం దాన్ని దీపాలదిన్నె అన్నారు. 18వ శతాబ్ది చివర జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి తన నివాసాన్ని ఇక్కడికి మార్చి కొత్త పట్టణం కట్టించాడు. వలస వచ్చిన జనానికి ఇళ్లు కావాలి, ఇళ్లకు ఇటుక, రాయి కావాలి. దిన్నెను తవ్వారు. కొన్ని పలకలు కట్టడాల్లో కలిసిపోయాయి, కొన్ని సున్నపు బట్టీల పాలయ్యాయి. ఆ తవ్వకాల కబురు విని 1798లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చాడు. 1816లో చిత్రకారులతో తిరిగివచ్చి పలకలనూ దిన్నెనూ కొలతలతో గీయించాడు. అమరావతికి సేకర్తలు చేసిన మేలంతటిలో ఇదే పెద్దది.

1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరి ఏళ్ల తరబడి ఎండావానల్లో పడి ఉన్నాయి. వాటిలో చాలావాటిని 1859లో ఓడలో లండన్‌కు పంపారు. అక్కడా అవి గిడ్డంగిలో మరుగునపడ్డాయి. 1867లో వాస్తుచరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ వాటిని వెలికితీసి పండితలోకం దృష్టికి తెచ్చాడు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియంలో చేరాయి.

అన్నిటికన్నా తీరని నష్టం మాత్రం స్తూపస్థలంలోనే జరిగింది. 1877లో మద్రాసు సివిల్ సర్వీసు అధికారి రాబర్ట్ స్యూయెల్ జాగ్రత్తగా కొంత భాగం తవ్వి నివేదిక రాశాడు. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ దిన్నె మొత్తాన్ని తవ్వి తీసేయమన్నాడు. ఆపై వచ్చిన పురావస్తు అధికారి జేమ్స్ బర్జెస్‌కు మిగిలింది ఖాళీ గొయ్యి. ఏ పలక ఏ వరుసలో నిలిచేదో తేల్చే ఆధారం ఆ తవ్వకంతోనే చాలావరకు పోయింది. ఓడలో తరలిన రాయిని వెతికి పట్టుకోవచ్చు, చెదిరిన మట్టిపొరలను మళ్లీ పేర్చడం ఎవరి వల్లా కాదు.

ఇప్పుడు అమరావతి శిల్పాలు ప్రధానంగా చెన్నై ప్రభుత్వ మ్యూజియం, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం, అమరావతి స్థానిక మ్యూజియాల మధ్య చెదిరి ఉన్నాయి. స్తూపం పూర్వరూపాన్ని ఊహించే పరిశోధకులు ఈ ముక్కలను మెకంజీ చిత్రాలతో సరిపోల్చుకుంటారు. 1816 తర్వాత నాశనమైన కొన్ని పలకలకు ఆ చిత్రాలే ఏకైక ఆధారం.