ఆదివారం నాటి కపిల

బాప్తిస్మం కోరినవాళ్లకు ఒంగోలు మిషనరీ క్లౌ దొర పెట్టిన షరతులు మూడే. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. సండేస్కూల్లో పిల్లలకు చెబితే "ఇంతేనా సార్" అంటారు. 1867లో ఒంగోలు, కనిగిరి ప్రాంతపు మాదిగపల్లెల్లో ఈ మూడూ ఒప్పుకోవడమంటే ఊరితో కయ్యం పెట్టుకోవడమే.

కపిల సంగతే చూడండి. ఎడ్లు లాగే ఆ మోటలో బావి నీళ్లు తోడే బాన, దాని తొండం తోలువి. కుట్టేది మాదిగ, చిరిగితే బాగుచేసేదీ అతనే. అందుకు కళ్లంలో గింజలు కొలిచేవారు. చచ్చిన గొడ్డూ అతనిదే. తోలు చెప్పులై, బానై మళ్లీ ఊళ్లోకే పోయేది, మాంసం పల్లెకు మిగిలేది. ఇప్పుడు ఆదివారం పొద్దున తొండం చిరిగిందనుకోండి. రైతు కబురు పెడతాడు. అతను దుర్మార్గుడేం కాదు, పైరు నిజంగానే వాడిపోతోంది. ఇవతల మనిషేమో సంఘం ముందు మాటిచ్చి వచ్చాడు. ఎవరికి జవాబు చెప్పాలి? మిరప కోతల్లో మా ఊరి ఆడకూలీలకు ఇప్పటికీ ఇదే చిక్కు. కొందరు తెల్లవారకముందే ప్రార్థన చేసుకుని చేనికి పోతారు. నేను తప్పు పట్టను.

మూడో షరతు మరీ గట్టిది. పోలేరమ్మ కొలుపులకు డప్పు కొట్టడం మాదిగల వంతు. మొక్కకపోతే ఎవరూ పట్టించుకోరు, డప్పు మోగకపోతే ఊరంతా అడుగుతుంది. అడిగింది కూడా. కొన్ని ఊళ్లలో వీళ్లకు పని ఇవ్వలేదు, బావి దగ్గరికి రానివ్వలేదు, అంగట్లో సరుకు అమ్మలేదు. మాటిచ్చింది ఒక మనిషి, పస్తున్నది ఇంటిల్లిపాదీ.

ఈ దారిన ముందు నడిచినవాడు తలకొండపాడు యర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం చేసేవాడు, యోగం నేర్చి శిష్యులను కూడా సంపాదించుకున్నాడు. 1866లో భార్య నాగమ్మతో ఒంగోలు వచ్చి మిషనరీ జూయెట్ దొర చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నాడు. మరుసటి జనవరిలో క్లౌ వెళ్లేసరికి అక్కడ ఇరవై ఎనిమిది మంది సిద్ధంగా ఉన్నారు. బంధువులూ, శిష్యులూ. ఇది వాళ్ల సొంత నిర్ణయమా, గురువు వెంట నడవడమా అని చదువుకున్నవాళ్లు అడుగుతుంటారు. మా పల్లెల్లో పెళ్లయినా, వలసైనా పదిమంది కూర్చుని తేల్చుకునేదే. దేవుడి విషయానికి మాత్రం ఒంటరిగా నిలబడాలనడం నాకు అర్థం కాదు.

అయితే నిర్ణయాన్ని ఆకలితో కలపకూడదన్న పట్టు క్లౌకి ఉండేది. 1876-78 ధాత కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకున్నాడు. కూలీలపై అజమాయిషీకి బోధకులనే పెట్టాడు. పగలు తట్టలు మోసినవాళ్లు అలుపు తీర్చుకునేటప్పుడు క్రీస్తు కథ విన్నారు. వేలమంది బాప్తిస్మం అడిగారు. కరువు పని సాగినన్నాళ్లూ ఆయన ఎవరికీ ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారనే నింద వాళ్ల మీద పడకూడదని.

కరువు పని ముగిశాక, ఇక ఇవ్వడానికి డబ్బు లేదని తెలిసీ జనం గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి వచ్చారు. 1878 జులై 3న ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చారు. ఆ ఒక్కరోజే 2,222 మంది. క్లౌ ఒక్కరికి కూడా తన చేత్తో ఇవ్వలేదు.

వాళ్ల మునిమనవళ్లకు మరో షరతు వచ్చింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులం హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు, క్రైస్తవులకు లేదు. క్రైస్తవులైన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సి. అందుకే చర్చి రిజిస్టర్లో ఒక పేరు, కులధ్రువీకరణ పత్రంలో ఇంకో పేరు. మాలమాదిగలు తప్ప మిగతా క్రైస్తవుల్లో ఎంతమందికి ఈ బాధ ఉంది? ఇలా రెండు పేర్లు రాయించుకున్నవాళ్లు అబద్ధీకులని ఒక పాస్టరుగారు ప్రసంగంలో తిట్టారు. ఆరాధన అయ్యాక పక్కకు పిలిచి, తమ పిల్లల పత్రంలో ఏముందండీ అని అడిగాను. కాఫీ తాగి వెళ్లమన్నారు.