కామాటిపుర: ముంబయి నిర్మాతల పేట

దక్షిణ ముంబయిలో గ్రాంట్ రోడ్, ముంబయి సెంట్రల్ రైల్వే స్టేషన్లకు తూర్పున ఉన్న పేట కామాటిపుర. దీనికి ఉత్తరాన బెలాసిస్ రోడ్, దక్షిణాన నేడు మౌలానా షౌకత్ అలీ పేరు గల పాత గ్రాంట్ రోడ్ ఉన్నవి. పేటలోని గల్లీలకు వరుస అంకెలే పేర్లు. చేరువలోని ఫాక్‌లాండ్ రోడ్‌కు 1848 నుండి 1853 వరకు బొంబాయి గవర్నరుగా ఉన్న లార్డ్ ఫాక్‌లాండ్ పేరు పెట్టారు. దాని నేటి పేరు మరాఠీ తమాషా కవి పఠ్ఠే బాపూరావు మార్గం.

చరిత్ర: ఏడు దీవులను కలుపుతూ కట్టలు పోసిన పిమ్మట, 18వ శతాబ్ది చివర ఇక్కడ జనావాసం ఏర్పడింది. నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల నుండి కట్టడాల పనికి వచ్చిన కూలీలను కామాటీలు అన్నారు. పేటకు ఆ పేరే నిలిచింది. వారిలో కొందరు కాంట్రాక్టర్లుగా ఎదిగారు. 1873లో జోతిరావు ఫూలే పుణెలో స్థాపించిన సత్యశోధక సమాజానికి వ్యంకు బాలాజీ కాళేవార్, జాయా కారాడి లింగు వంటి ముంబయి తెలుగువారు అండగా నిలిచారు.

మరో ముఖం: 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ ప్రాంతం వేశ్యావాటికగా మారింది. తూర్పు ఐరోపా తదితర దేశాల స్త్రీలను కూడా ఇక్కడికి చేర్చారు. వారున్న సుక్లాజీ వీధికి సఫేద్ గల్లీ అను పేరు వచ్చింది. నాటకశాలలుండిన కూడలి ప్లే హౌస్ జనుల నోట పీలా హౌస్ అయింది.

జనజీవనం: ఒకే గది ఖోలీ, ఉమ్మడి వరండా, ఉమ్మడి మరుగుదొడ్డి. ఇదీ చాళ్ల జీవనం. పురుషులు కట్టడాలలో, మిల్లులలో పనిచేయగా, స్త్రీలు ఇంటనే బీడీలు చుట్టేవారు. 1982 నాటి మిల్లు సమ్మె అనంతరం మిల్లు కూలి క్రమంగా కనుమరుగైంది. బతుకమ్మ పండుగ మాత్రం ముంబయి తెలుగువారిలో నిలిచియున్నది.

నేటి స్థితి: వేశ్యాగృహాలు బాగా తగ్గినవి, అపకీర్తి తగ్గలేదు. 2022లో ‘గంగూబాయి కాఠియావాడీ’ చిత్రం తమ పేటను కించపరచినదని నివాసులు నిరసించారు. శిథిలమవుతున్న చాళ్లను మ్హాడా ద్వారా పునర్నిర్మించుటకు మహారాష్ట్ర ప్రభుత్వం ప్రణాళిక చేపట్టింది. పాత గోడలు కూలినా, నగరాన్ని కట్టిన చేతులను గుర్తుచేయునది కామాటిపుర అనే పేరే.